చేతి గడియారం ధరలో పనితనమెంత, కొరతెంత?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

ఖరీదైన విదేశీ చేతి గడియారాలను బంగారంలాగా, ఇంటి స్థలంలాగా దాచుకోదగిన ఆస్తిగా చూపించే వ్యాసాలు ఈ మధ్య తెలుగు పత్రికల వ్యాపార పేజీల్లో తరచుగా కనిపిస్తున్నాయి. వాటిని చదివి, హైదరాబాదులోనో దుబాయిలోనో ఉద్యోగం చేస్తున్న పిల్లల ద్వారా పెండ్లికి ఒక స్విస్ వాచీ తెప్పించుకోవాలని చూసే కుటుంబాలు వరంగల్, హనుమకొండ, కరీంనగర్ పట్టణాల్లో బాగానే ఉన్నాయి. హనుమకొండలో గడియారాల మరమ్మతు మీద బతుకుతున్నవాణ్ణి కనుక, కొనేముందు సలహా కోసం నా దుకాణానికి వచ్చేవారిని నిత్యం చూస్తుంటాను. వారిలో ఎక్కువమంది అడిగేది ఒకటే: "ఇది రేపు ధర పెరుగుతుందా?" వాచీ ఎట్లా తయారైంది, పాడైతే ఎవరు బాగుచేస్తారు అని అడిగేవారు చాలా తక్కువ. ఆ ధరలో పనితనానికి ఇచ్చే డబ్బు ఎంత, దొరకనితనానికి ఇచ్చే డబ్బు ఎంత అన్నది విడదీసి చూసుకోకుండా లక్షలు ఖర్చు చేయవద్దని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

సమయం తెలుసుకోవడానికి ఎవరూ లక్షలు పెట్టనక్కరలేదు. సెల్లుతో నడిచే మామూలు క్వార్ట్జ్ వాచీలో ఒక చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అది నెలకు పదిహేను సెకన్లకు మించి తేడా రాకుండా నడుస్తుంది. చాబీతోనో, చేతి కదలికతోనో నడిచే మంచి యాంత్రిక గడియారంలో బ్యాలెన్స్ అనే చక్రం సాధారణంగా సెకనుకు ఎనిమిదిసార్లు అటో ఇటో ఊగుతుంది. స్విట్జర్లాండ్‌లోని అధికారిక పరీక్షా సంస్థ క్రోనోమీటర్ అని ధ్రువపత్రం ఇచ్చే యాంత్రిక వాచీ సైతం రోజుకు నాలుగు సెకన్లు వెనుకబడటానికి, ఆరు సెకన్లు ముందుకు పోవడానికి అనుమతి ఉంది. అంటే కొన్ని వందల రూపాయల వాచీ కొన్ని లక్షల వాచీకంటే కచ్చితమైన సమయం చూపుతుంది. ఈ సంగతి ఆ కంపెనీలకు అందరికంటే బాగా తెలుసు.

1969 డిసెంబర్ 25న జపాన్ కంపెనీ సీకో తన ఆస్ట్రాన్ వాచీని అమ్మకానికి పెట్టింది. లోకంలో దుకాణానికి వచ్చిన మొదటి క్వార్ట్జ్ చేతి గడియారం అది. అప్పుడు దాని ధర 4,50,000 యెన్‌లు, అంటే ఒక చిన్న కారు ధర. కానీ పది పదిహేనేండ్లలో క్వార్ట్జ్ ఎంత చవకైందంటే, 1970 ప్రాంతంలో దాదాపు 90,000 మంది పనిచేసిన స్విస్ గడియార పరిశ్రమలో 1980ల చివరికి దాదాపు 30,000 మందే మిగిలారు. తరతరాలుగా చక్రాలు చెక్కిన లోయల్లో కార్ఖానాలు మూతపడ్డాయి. అజంజాహీ బట్టల మిల్లు మూతపడినప్పుడు వరంగల్‌లో ఎన్ని ఇండ్లు అల్లాడాయో చూసినవారికి ఆ లోయల బాధ వేరే వివరించనక్కరలేదు.

అక్కడినుంచి ఆ పరిశ్రమ నిలదొక్కుకున్న తీరును నేను మనసారా గౌరవిస్తాను. సమయం చూపడంలో ఓడిపోయామని తెలిసిన తరువాత, వాచీని ఒక చేతిపనిగా, ఒక వారసత్వంగా జనం ముందు పెట్టారు. 1980ల తొలినాళ్లలో జ్యాన్ క్లోడ్ బీవర్, జాక్ పిగే అనే ఇద్దరు బ్లాంక్‌పాన్ అనే పాత పేరును అతి తక్కువ సొమ్ముకు కొన్నారు. 1735 నుంచి తమ సంస్థ క్వార్ట్జ్ వాచీ చేయలేదని, ఇకముందు చేయబోదని ప్రకటన ఇచ్చారు. లోకమంతా పాతబడిందని పక్కన పెట్టినదాన్నే గొప్పగా చెప్పి నిలబడ్డారు. అంతకుముందే, 1972లో, ఆడెమార్ పిగే సంస్థ జెరాల్డ్ జెంటా అనే రూపశిల్పి గీసిన రాయల్ ఓక్ అనే ఉక్కు వాచీకి చాలా బంగారు వాచీలను మించిన ధర పెట్టి అమ్మింది. లోహం విలువకు, వాచీ ధరకు ఉన్న ముడి అక్కడే తెగిపోయింది. ఈనాడు ఉక్కు వాచీ కోసం ఏండ్ల తరబడి ఎదురుచూసే స్థితికి మొదలు అదేనని నా అభిప్రాయం.

ఇక పనితనం సంగతి. ఇది బూటకం కాదు. వాచీ లోపల చక్రాలను పైనుంచి పట్టి ఉంచే లోహపు పలకను బ్రిడ్జి అంటాము. యంత్రం కోసి ఇచ్చినప్పుడు దాని అంచు పదునుగా, కొంచెం గరుకుగా ఉంటుంది. గొప్ప కార్ఖానాలో పనివాడు ఆ అంచు పొడవునా 45 డిగ్రీల వాలు వచ్చేటట్టు సన్నని ఆకురాయితో అరగదీస్తాడు. ఆ తరువాత జెన్షన్ అనే కొండమొక్క ఎండుకాడకు వజ్రపు పొడి కలిపిన లేపనం అద్ది, ఆ వాలు అద్దంలా మెరిసేదాకా రుద్దుతాడు. రెండు వాలులు లోపలివైపు కలిసే మూల అసలైన పరీక్ష. గిరగిర తిరిగే యంత్రపు పనిముట్టు అక్కడ గుండ్రంగానే కోయగలదు. సూదిమొనలాంటి మూల రావాలంటే మనిషి చెయ్యే పోవాలి. భూతద్దం కంటికి పెట్టుకుని ఆ ఒక్క మూలను చూస్తే, మిగతా వాచీ ఎట్లాంటిదో చాలావరకు తెలిసిపోతుంది. అట్లాగే స్క్రూ తలను తగరపు పలక మీద నెమ్మదిగా తిప్పుతూ నునుపు చేస్తారు. ఆ నునుపు సరిగా కుదిరితే అదే స్క్రూ ఒక కోణంలో నల్లగా, వాచీని కొంచెం వంచితే తెల్లగా కనిపిస్తుంది. ఒక చిన్న గీత పడ్డా మొదటినుంచి చేయాలి. వీటన్నిటివల్ల సమయపాలనలో వచ్చే మెరుగు అతి స్వల్పం. పైగా పాతకాలపు వాచీల్లో ఈ పనంతా మూసి ఉన్న వెనుక మూత కింద, మావంటి మెకానిక్‌లకు తప్ప ఎవరికీ కనిపించని చోట ఉండేది. రామప్ప గుడిలో నల్లరాతిని అద్దంలా తీర్చిన మదనికలను చూస్తూ పెరిగిన ప్రాంతం మనది. చేతితో తెచ్చిన నునుపు విలువ మనకు ఒకరు నేర్పవలసింది కాదు. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దు కొండల గడియారాల పనిని 2020లో యునెస్కో అవ్యక్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. మరుసటి ఏడే మన రామప్పకు ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. రెండూ న్యాయమైన గుర్తింపులే.

అయితే వెనుక మూతకు అద్దం బిగించి లోపలి పని చూపించడం మొదలైన తరువాత, చూపించడానికే చేసే పని కూడా పెరిగింది. బ్రిడ్జిల మీద కనిపించే సన్నని చారలను జెనీవా చారలు అంటారు. వాటిని ఇప్పుడు యంత్రమే క్షణాల్లో వేయగలదు, అనేక మధ్యతరగతి ధరల వాచీల్లో వేస్తున్నది కూడా. చారలు కనిపించాయి కాబట్టి చేతిపని అనుకోవడం పొరపాటు. అంచు వాలు, లోపలి మూల, స్క్రూ గాడి అంచులు చూడాలి. 1886లో జెనీవా ప్రభుత్వం తన ముద్ర ఒకటి చట్టంతో ఏర్పాటు చేసింది. ఏ భాగానికి ఎట్లాంటి తుదిపని ఉండాలో ఆ ముద్రకు నియమాలున్నాయి. ఇట్లాంటి కొలత ఉన్నచోట కొనేవాడికి కొంత భరోసా ఉంటుంది. ప్రకటనలో "హస్తకళ" అని రాసినంత మాత్రాన ఆ భరోసా రాదు.

కొరత విషయానికి వస్తే, అది రెండు రకాలు. స్విట్జర్లాండ్‌లోని జూ అనే లోయలో ఫిలిప్ డ్యూఫూర్ అనే గడియారాల పనివాడు ఉన్నారు. ఆయన సింప్లిసిటీ అనే వాచీలు తన చేతులమీదుగా 200 పైచిలుకు మాత్రమే వచ్చాయి. ఒక మనిషి చెయ్యి ఎంత చేయగలదో అంతే దొరుకుతుంది. ఆ కొరత పనిలోంచి పుట్టింది. దానికి ధర పలికితే అది పనికి దక్కిన ధరే. రెండో రకం వేరు. పాటెక్ ఫిలిప్ సంస్థ 1976లో వచ్చిన నాటిలస్ వరుసలోని 5711 అనే ఉక్కు నమూనాను, దానికి విపరీతమైన గిరాకీ ఉన్నప్పుడే, 2021లో ఆపేసింది. ఆపే ముందు అమెరికా నగల సంస్థ టిఫానీ పేరుతో నీలిరంగు డయల్ ఉన్నవి 170 మాత్రమే చేసింది. వాటిలో మొదటిది అదే ఏడాది డిసెంబర్‌లో న్యూయార్క్ వేలంలో 65 లక్షల డాలర్లకు పోయింది. ఆ సొమ్ము సేవాకార్యానికి వెళ్లిందన్నది నిజమే, సంతోషమే. కానీ ఆ ఒక్క అంకె లోకమంతటా పత్రికల్లో తిరిగి, మిగతా వాచీల ధరలను ఎక్కడికో తీసుకుపోయింది. డయల్ రంగు మారినంత మాత్రాన లోపలి చక్రాలు మారలేదు. అక్కడ అమ్ముడుపోయింది 170 అనే సంఖ్య.

రోలెక్స్ సంగతి ఇంకా తేటగా చెబుతుంది. ఆ సంస్థ తన ఉత్పత్తి లెక్కలు బయటపెట్టదు గానీ, ఏటా పది లక్షలకు పైగా వాచీలు చేస్తుందని పరిశ్రమను గమనించేవారి అంచనా. వాటి నాణ్యత మీద నాకు ఏ సందేహమూ లేదు. విప్పి చూసినప్పుడల్లా దృఢంగా, మరమ్మతుకు అనువుగా కట్టిన యంత్రం అనిపిస్తుంది. కానీ ఏటా పది లక్షలు తయారయ్యే వస్తువును అరుదైనది అనలేము. అయినా డేటోనా వంటి ఉక్కు నమూనాలు దుకాణానికి పోయి అడిగితే దొరకవు. కొరత తమ వ్యూహం కాదని, నాణ్యత తగ్గించకుండా గిరాకీకి సరిపడా చేయలేకపోతున్నామని ఆ సంస్థ 2021లో ప్రకటించింది; ఆ మరుసటి ఏడు స్విట్జర్లాండ్‌లోని బుల్ పట్టణంలో పెద్ద కొత్త కార్ఖానా కడతామని కూడా చెప్పింది. ఆ మాటను నేను తోసిపుచ్చను. అయితే ఉన్న సరుకును ఎవరికి ఇవ్వాలన్నది నిర్ణయించే తీరు మాత్రం కొనేవాడు గమనించాలి. ఖరీదైన వాచీల దుకాణాల్లో చాలాచోట్ల పేరు ముందు రాయించుకున్నవాడికి ముందు ఇవ్వడమనే వరుస ఉండదు. అంతకుముందు ఆ దుకాణంలో ఏమేమి కొన్నావన్నది చూస్తారు. అడిగిన వాచీ దక్కాలంటే అడగని వాచీలు, నగలు కొనవలసి వస్తుంది. చివరికి ఫోన్ వచ్చి "మీకు కేటాయించాము" అన్నప్పుడు, డబ్బిచ్చి కొనుక్కుంటున్న మనిషికి ఏదో గౌరవం దక్కినట్టు అనిపిస్తుంది. ఆ అనుభూతికి కూడా ధర ఉంది, దాన్ని మనమే కడుతున్నాము.

కొరత ఒక్కటే పేరు తెచ్చిపెట్టదని మన దేశమే సాక్ష్యం. 1961లో జపాన్ సిటిజెన్ సంస్థ సహకారంతో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ వాచీలు ఒకప్పుడు అంత సులభంగా దొరికేవి కావు. అల్లుడికి పెట్టే వాచీగా కాంచన్ నమూనాకు అసలు ధరకు పైన డబ్బిచ్చి తెచ్చుకున్న ఇండ్లు మన జిల్లాలోనూ ఉన్నాయి. 17 జ్యువెల్స్, అంటే ఇరుసుల అరుగుదల తగ్గించే చిన్న రాళ్లు ఉన్న జనతా వాచీ ఇప్పటికీ నా బల్లమీదికి వస్తుంది. శుభ్రం చేసి నూనె వేస్తే నడుస్తుంది. ఆ పనితనంలో లోపం లేదు. కానీ ఆ కొరత కార్ఖానా చాలకపోవడంవల్ల వచ్చిన కొరత. 1980ల చివర టైటాన్ క్వార్ట్జ్ వాచీలు మెరిసే దుకాణాల్లో అందరికీ అందుబాటులోకి రాగానే హెచ్‌ఎంటీ గిరాకీ కరిగిపోయింది, 2016లో కేంద్ర మంత్రివర్గం హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు ఆమోదం తెలిపింది. తన పనిని గురించి ఆ సంస్థ జనానికి ఎన్నడూ సరిగా చెప్పుకోలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. పాటెక్ ఫిలిప్ 1996 నుంచి తన వాచీని తరువాతి తరం కోసం మీరు కాపాడుతున్నారంతే అన్న భావంతో ప్రకటనలు ఇస్తున్నది. ఆ వాక్యం ఒక్కటే ఖర్చును బాధ్యతగా మార్చివేసింది. మన ఇండ్లలో తాత చేతి జనతా వాచీ మనవడికి రావడం కూడా అదే కదా, కాకపోతే దాన్ని ఎవరూ ప్రకటనగా అచ్చువేయలేదు.

పెట్టుబడి అన్న మాటకు వస్తాను. 2020, 2021 సంవత్సరాల్లో పాత వాచీల ధరలు విపరీతంగా పెరిగి, 2022 వసంతకాలం తరువాత గట్టిగా పడిపోయాయి. శిఖరం మీద కొన్నవారికి ఆ నష్టం ఇప్పటికీ పూడని సందర్భాలున్నాయి. పైగా ధర నిలబెట్టుకునేవి కొద్ది కంపెనీల కొద్ది నమూనాలు మాత్రమే. మిగతా స్విస్ వాచీల్లో అత్యధికం దుకాణం గడప దాటగానే విలువ కోల్పోతాయి. వాటిని కొనకూడదని నేను అనను. ఇష్టపడి, పని నచ్చి కొంటే అంతకంటే మంచి కొనుగోలు లేదు. కానీ పిల్ల పెండ్లికి దాచిన సొమ్మును "లాభం వస్తుంది" అన్న మాట మీద వాచీలో పెట్టవద్దు. 2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షల రూపాయలు దాటిన చేతి గడియారం కొంటే అమ్మేవాడు ఒక శాతం పన్ను మూలంలోనే వసూలు చేయాలన్న నియమం వచ్చింది. అది తరువాత ఆదాయపు పన్నులో సర్దుబాటు అవుతుంది గానీ, బిల్లు లేకుండా చేతులు మారే సరుకు జోలికి పోవద్దని చెప్పడానికి ఇదొక కారణం చాలు. స్విట్జర్లాండ్ ఉన్న కూటమితో 2024 మార్చిలో మన దేశం చేసుకున్న వాణిజ్య ఒప్పందంవల్ల స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం విడతలవారీగా తగ్గుతున్నది. సుంకం తగ్గే వస్తువును ధర పెరుగుతుందని తొందరపడి కొనడంలో అర్థం లేదు.

దొరకనితనం పెంచి పోషించినది ఇంకొకటి ఉంది, నకిలీ సరుకు. "ఫస్ట్ కాపీ" పేరుతో తెలిసి కొనేవారు కొందరు. అసలుదే అని నమ్మి, ఫోన్‌లో పరిచయమైన మనిషికి పెద్ద మొత్తం పంపి మోసపోయేవారు మరికొందరు. ఇప్పటి నకిలీల డయల్, పట్టా, పెట్టె, కాగితాలు చూసి చెప్పడం మాకే కష్టంగా ఉంది. మూత విప్పితే తెలుస్తుంది: బ్రిడ్జి అంచు యంత్రం కోసినట్టే గరుకుగా ఉంటుంది, స్క్రూ గాడిలో కోతకు లేచిన లోహపు రజను మిగిలి ఉంటుంది, చక్రం ఆకుల మీద నునుపు ఉండదు. ఆ మాట చెప్పినప్పుడు ఎదుటి మనిషి ముఖంలో వచ్చే మార్పు చూడలేక, ముందే అడిగితే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను. పాత వాచీ కొనేముందు మూత విప్పించి చూడటానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే ఆ బేరం అక్కడే వదిలేయాలి.

ఇంత పనితనం, ఇంత తక్కువ సంఖ్య మన దగ్గరా ఉన్నాయి. కరీంనగర్‌లో వెండిని వెంట్రుక లాంటి తీగగా లాగి, రెండు తీగలు మెలివేసి, చుట్టలు చుట్టి అతికే పనివారు నానాటికీ తగ్గిపోతున్నారు. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెంబర్తి లోహపు పనికి అంతకుముందే వచ్చింది. అయినా ఆ వస్తువుల ధరను నిర్ణయించేది చేసినవాడు కాదు, మధ్యలో ఉన్న వ్యాపారి. స్విస్ కంపెనీలనుంచి తీసుకోదగినది నిజంగా ఏదైనా ఉంటే అది వారి లెక్కల పుస్తకం. ప్రతి వాచీకి ఒక సంఖ్య ఉంటుంది. ఎప్పుడు చేశారో, ఎప్పుడు అమ్మారో వంద సంవత్సరాల తరువాత అడిగినా కొన్ని సంస్థలు రాతపూర్వకంగా చెప్పగలవు. మన జంపఖానా అంచున నేసిన మనిషి పేరు, ఒక వరుస సంఖ్య, అది నమోదైన ఒక పుస్తకం ఉండేటట్టు రాష్ట్ర హస్తకళల సంస్థ చూస్తే, దానికి పెద్ద ఖర్చు కాదు. వస్తువును దాచిపెట్టి కొరత సృష్టించాలని నేను అనడం లేదు, ఉన్న కొరతకు తగిన లెక్క ఉండాలంటున్నాను.

చివరగా మా వృత్తికి సంబంధించిన మాట. కొరతల్లో కొనేవాడికి కనిపించనిది విడిభాగాల కొరత. తమ ఆమోదం లేని మెకానిక్‌లకు అనేక పెద్ద కంపెనీలు విడిభాగాలు అమ్మవు. వాచీని నడిపే మెయిన్ స్ప్రింగ్ తెగినా, చాబీ కడ్డీ విరిగినా వాచీని హైదరాబాదుకో ముంబయికో, కొన్నిసార్లు స్విట్జర్లాండుకో పంపాలి. నెలలు పడుతుంది, ఖర్చు వేలల్లో, ఒక్కోసారి లక్షల్లో ఉంటుంది. ఐదు నుంచి పదేండ్లకు ఒకసారి సర్వీసు చేయించక తప్పని యంత్రానికి ఇది చిన్న విషయం కాదు. నైపుణ్యం లేనివాడి చేతిలో వాచీ పాడవుతుందన్న కంపెనీల వాదనలో కొంత న్యాయం ఉంది, నేను కాదనను. శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, నెగ్గినవారికి ఇవ్వమనండి. ఐరోపాలో స్వతంత్ర మెకానిక్‌ల సమాఖ్య ఈ విషయం మీద ఏండ్ల తరబడి పోరాడింది. 2017లో అక్కడి న్యాయస్థానం తీర్పు వారికి అనుకూలంగా రాలేదు. చేతిపనిని నెత్తిన పెట్టుకుంటామనే కంపెనీలు, ఆ చేతిపని నేర్చిన చిన్న పట్టణాల మనుషులకు చిన్న స్ప్రింగు ముక్క ఇవ్వకపోతే, ఈ విద్య మా తరంతో ఆగిపోతుంది. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు సెల్‌ఫోన్ రిపేరు వైపు వెళ్లిపోవడానికి ఇది ముఖ్యమైన కారణం.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసి, వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలను ఎంచుకుని పోర్టల్ ప్రారంభించింది. అందులో గడియారాలకు చోటు లేదు. వాటిని కూడా చేర్చి, దేశంలో అమ్మే ప్రతి వాచీకి విడిభాగాలు, మరమ్మతు వివరాలు శిక్షణ పొందిన బయటి మెకానిక్‌లకు న్యాయమైన ధరకు అందేటట్టు చేయాలని ఆ శాఖను కోరుతున్నాను. మీ పత్రిక ఖరీదైన వాచీల గురించి ఇకముందు రాసేటప్పుడు వేలంపాట అంకెలతోపాటు సర్వీసు ఖర్చు, విడిభాగాల లభ్యత, పాత వాచీకి నిజంగా పలికే ధర కూడా రాయవలసిందిగా మనవి చేస్తున్నాను.

ఇట్లు,
చేతి గడియారాల మెకానిక్ ఒకరు,
హనుమకొండ.